ఫైబర్ పడవకు పగులు పడితే



మార్కాపురం పక్కన కూర్చుని పడవల మరమ్మతు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు ఇప్పటికే నవ్వుకుని ఉంటారు. నవ్వండి, తప్పులేదు. సముద్రం చూడాలంటే మనం ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. గిద్దలూరు వాళ్లకైతే అది ఇంకా దూరం. తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లు మనవి. అయినా నీళ్లు అసలే లేని నేల కాదు మనది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు కొండల మధ్య కట్ట వేసి, విజయనగర రాజుల కాలంలో కట్టించిన కంభం చెరువు మన ముంగిట్లోనే ఉంది. అది రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటాం. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఎర్రగొండపాలెం, దోర్నాల అడవుల అవతల శ్రీశైలం వెనుక నీళ్లున్నాయి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు పూర్తయి, కృష్ణ నీళ్లు సొరంగాల్లోంచి నల్లమల సాగర్‌లోకి వస్తే మన కళ్ల ముందే ఒక పెద్ద జలాశయం నిలుస్తుంది. నీళ్లు నిలిచిన చోటికి చేపలొస్తాయి, చేపల వెనకే పడవలొస్తాయి. ఇవాళ వచ్చే పడవ చెక్కది కాదు, ఫైబర్‌ది.

ఫైబర్ మనకు కొత్త సరుకేం కాదు. ఫ్లోరైడ్ బాధకు ఊరూరా పెట్టుకున్న ఆర్వో ప్లాంటులో ఇసుక, బొగ్గు నింపిన పొడవాటి నీలం సిలిండర్లు చాలావరకు ఫైబర్‌వే. వానాకాలం బడి వరండాకు వేసే రేకు, కూడళ్లలో చెయ్యెత్తి నిలబడ్డ నాయకుల విగ్రహాల్లో కొన్ని, అన్నీ ఆ జాతే. విగ్రహం చెయ్యి విరిగినా, పడవ పొట్ట పగిలినా వైద్యం ఒకటే. తేడా ఎక్కడంటే, విగ్రహానికి చేసిన వైద్యం వికటిస్తే ఎవరూ మునగరు.

గాజును వెంట్రుక కన్నా సన్నటి పోగులుగా లాగి, ఆ పోగుల్ని పరుపులా పరిచి అంటించింది మ్యాట్. నేసింది రోవింగ్. ఈ పొరల్ని రెజిన్ అనే జిగట ద్రవంతో తడిపి, ఒకదానిమీద ఒకటి పేర్చి, గట్టిపడనిస్తే పడవ పొట్ట తయారవుతుంది. బయటికి మెరుస్తూ కనిపించే తెల్లటి లేదా నీలం పూత పేరు జెల్‌కోట్. దాని మందం అర మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. దానిలో గాజు లేదు కాబట్టి బలమూ లేదు. అది ఎండనూ నీటినీ ఆపే చర్మం మాత్రమే. అసలు బరువు మోసేది దాని వెనకున్న పొరలు. ఫైబర్ పడవ పగులు గురించి తెలుసుకోవలసిన మొదటి మాట ఇదే: పగిలింది చర్మమా, ఎముకా?

ఇది తేల్చడానికి మన ప్రాంతం వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పలకల గనుల్లో పనిచేసిన మనిషి రాయిని ఉలితో చీల్చే ముందు తట్టి చూస్తాడు. మంచి పలక ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయిన పలక డబ్‌మంటుంది. ఫైబర్ కూడా పలకరాయి లాగే పొరల మీద పొర. పొరలు పట్టుకుని ఉన్నంతసేపు తట్టితే గట్టి శబ్దం ఇస్తుంది. లోపల విడిపోతే మూగగా పలుకుతుంది. ఒక రూపాయి బిళ్ల, లేదా చిన్న ప్లాస్టిక్ సుత్తి చాలు. పగులు చుట్టూ నాలుగు వేళ్ల దూరంలో మొదలుపెట్టి లోపలికి తట్టుకుంటూ వచ్చి, శబ్దం మారిన చోటల్లా పెన్సిలుతో గీత గీయండి. చివరికి కనబడే గీత తరచుగా పగులు కంటే మూడు నాలుగింతలు పెద్దదిగా ఉంటుంది. చాలామంది ఈ ఒక్క పని చేయకుండానే పుట్టీ డబ్బా తెరుస్తారు.

పగులు రూపం కూడా కథ చెబుతుంది. ఒక బిందువు నుంచి సాలెగూడులా నలువైపులా పాకితే అక్కడ రాయో, లంగరో, ఒడ్డున మరో పడవో తగిలిందన్నమాట. పక్కపక్కనే వరసగా గీతలుంటే అక్కడ పొట్ట వంగి లేస్తోంది. మూలల దగ్గర, ఇంజను బిగించిన అమరం దగ్గర, లోపలి అడ్డగోడ పొట్టను ఆనుకున్న చోట సన్నటి గీత నిలువునా వస్తే అక్కడ బలం ఒకేచోట గుచ్చుకుంటోంది. ఏ దెబ్బా తగలకుండా పూతంతా సన్నటి గీతలతో మసకబారితే, కట్టినప్పుడే జెల్‌కోట్ మందంగా పూశారని అర్థం. అది చూడ్డానికి భయంగా ఉంటుంది గాని ప్రమాదం తక్కువ. దెబ్బ వల్ల వచ్చిన పగులును బాగుచేస్తే అక్కడితో అయిపోతుంది. వంగడం వల్ల వచ్చినదాన్ని ఎన్నిసార్లు బాగుచేసినా, వంపుకు కారణం తీసేదాకా అది తిరిగొస్తూనే ఉంటుంది. లోపలివైపు ఒక అడ్డకమ్మీనో, అదనపు పొరనో చేర్చకుండా పైన మాత్రం పట్టీ వేసే మేస్త్రి మీ డబ్బు రెండోసారి తీసుకోవడానికి ఏర్పాటు చేసుకుంటున్నట్టే.

ఇక రెండు పొట్టల పడవల సంగతి. తెరచాప కట్టి సముద్రాలు దాటే విదేశీ కాటమరాన్ పడవల్ని మనం ఫొటోల్లోనే చూశాం. కానీ రెండు పడవల మీద బల్లలు పరిచి లారీలు, బండ్లు దాటించే బల్లకట్టును కృష్ణ ఒడ్డుకు పోయినవాళ్లు చూసే ఉంటారు. లెక్క ఒకటే. రెండు పొట్టలు, వాటిని కలిపే దూలాలు. ఒంటి పడవ అల మీదికి మొత్తంగా లేస్తుంది, మొత్తంగా దిగుతుంది. జంట పడవకు ఆ సౌకర్యం లేదు. ఎడమ పొట్ట అల శిఖరం మీద ఉన్నప్పుడు కుడి పొట్ట పల్లంలో ఉంటుంది. మరుక్షణం తారుమారు. ఈ మెలికంతా మోసేది మధ్యలోని దూలాలు, అవి పొట్టల్లోకి దిగిన కీళ్లు. అందుకే ముప్ఫై నలభై ఏళ్లు తిరిగిన పాత కాటమరాన్‌లో పగులు వెతకాలంటే నీటి అడుగున మొదలుపెట్టకూడదు. దూలం పొట్టలో కలిసే మూల, తెరచాప కొయ్య నిలిచిన అడ్డగోడ, పైకప్పు తలుపుల మూలలు ముందు చూడాలి. లోపలికి దూరి టార్చి వేస్తే, అడ్డగోడను పొట్టకు అతికించిన మ్యాట్ పట్టీ అంచు లేచి ఉండటం కనిపిస్తుంది. చాలా పడవల్లో బయటి పగులుకు అసలు మూలం ఆ లేచిన పట్టీయే. గోడ వదిలేశాక పొట్ట ఒంటరిగా వంగుతుంది, వంగిన చోట పగులుతుంది.

రెండు పొట్టల మధ్య పైన ఉండే చదునైన అడుగుకు ఇంకో బాధ. పడవలో సామాను ఎక్కువై కిందికి దిగిపోతే, ప్రతి అలా ఆ చదును భాగాన్ని అరచేత్తో కొట్టినట్టు కొడుతుంది. పాత కాటమరాన్‌లలో ఈ దెబ్బలకే పొరలు విడిపోతాయి. దీనికి సగం మరమ్మతు రెజిన్‌తో, మిగతా సగం బరువు దించడంతో జరగాలి.

ఫైబర్ పొట్ట అంటే చులకనగా చూడక్కర్లేదని చెప్పడానికి మన తెలుగమ్మాయిల సంగతే ఉంది. నౌకాదళానికి చెందిన తారిణి అనే తెరచాప పడవ 55 అడుగుల పొడవుండే ఒంటి పొట్ట పడవ. ఫైబర్‌గ్లాస్‌తో గోవాలో కట్టారు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దానిలో గోవా నుంచి బయల్దేరి ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రంలో మేడంత అలల్ని ఆ పొట్ట తట్టుకుంది. తిరుగు దారిలో వాళ్లను మారిషస్‌లో ఆపింది పొట్ట కాదు, చుక్కాని తిప్పే యంత్రాంగం. సరిగా కట్టి, సరిగా చూసుకుంటే ఫైబర్ అంత పని చేస్తుంది.

మరమ్మతులోకి వద్దాం. ఇక్కడ ఒక కఠినమైన నిజం ఉంది. కొత్తగా కడుతున్న పడవలో పొర మీద పొర పచ్చిగా ఉన్నప్పుడే వేస్తారు కాబట్టి రెజిన్ రెజిన్‌తో కలిసి ఒకే పదార్థం అవుతుంది. ఏళ్ల కిందట గట్టిపడ్డ పొట్ట మీద వేసే కొత్త రెజిన్ అలా కలవదు. అది అంటుకుంటుంది, అంతే. కాబట్టి పగులు మీద సన్నటి పట్టీ వేస్తే, ఆ పట్టీ తన బలంతో కాదు, అంటు బలంతో నిలబడుతుంది. అంటు బలం పెరగాలంటే అంటుకునే వైశాల్యం పెరగాలి. అందుకే పగులు చుట్టూ పొట్టను ఏటవాలుగా, చాలా వెడల్పుగా అరగదీయాలి. పొట్ట మందానికి పన్నెండు రెట్లు వాలు అనేది పడవల పనివాళ్లు పాటించే లెక్క. 5 మిల్లీమీటర్ల మందమైతే ప్రతి వైపూ 60 మిల్లీమీటర్లు. అంటే వెంట్రుకంత పగులు కోసం ఐదంగుళాల వెడల్పున మంచి ఫైబర్‌ను మీ చేత్తో మీరే అరగదీస్తారు. పడవ యజమాని పక్కన నిలబడి ఉంటే గుండె పట్టుకుంటాడు. ఆయన్ని టీకి పంపడం మంచిది.

గ్రైండర్‌కు ముతక గరుకు డిస్కు వేసి పగులు తెల్లదనం పూర్తిగా పోయేదాకా తీయాలి. ఆ తెల్లదనం అంటే పోగుల్ని రెజిన్ వదిలేసిన జాడ. అది లోపల మిగిలితే పని మిగిలినట్టే. పొట్టకు రెండు వైపులా చెయ్యి ఆడే చోటు దొరికితే లోపలి వైపు నుంచే ఎక్కువ పొరలు వేయడం మేలు, బయట నున్నదనం చెడదు. పగులు ఆరపార ఉండి కన్నం పడితే బయటి నుంచి ఒక మైకా షీటుకు మైనం పాలిష్ రుద్ది, పొట్ట వంపుకు సరిపోయేలా బిగించి, లోపలి నుంచి పొరలు వేయాలి. గట్టిపడ్డాక మైకా ఊడొస్తుంది.

తర్వాత తడి. చెరువులో ఏళ్లు నానిన పొట్ట ఎండినట్టు కనబడుతుంది గాని లోపల తడి ఉంటుంది. గ్రైండ్ చేశాక ఒక ప్లాస్టిక్ కాగితాన్ని అంచులకు టేపు వేసి ఎండలో వదలండి. లోపలివైపు చెమట పడితే ఇంకా ఆగాలి. ఈ విషయంలో మన ప్రాంతం ఎండలు కోస్తా వాళ్లకు లేని వరం. కోస్తాలో ఉప్పుగాలికి వారాలు పట్టే ఆరుదల ఇక్కడ వేసవిలో చాలా తొందరగా అవుతుంది.

అదే ఎండ రెజిన్ కలిపేటప్పుడు శత్రువవుతుంది. కిలో రెజిన్‌కు 10 నుంచి 20 మిల్లీలీటర్ల కెటలిస్ట్, అంటే గట్టిపరిచే మందు, సాధారణ లెక్క. నలభై డిగ్రీల మధ్యాహ్నం 20 వేస్తే మ్యాట్ తడపకముందే మగ్గులో రెజిన్ గడ్డకట్టి పొగలు కక్కుతుంది. అలాగని కెటలిస్ట్‌ను పది కంటే తగ్గించుకుంటూ పోకూడదు. తగ్గిస్తే ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, పైకి బాగున్నట్టే ఉండి మెత్తగా మిగులుతుంది. సరైన మార్గం సమయం మార్చుకోవడం. తెల్లవారుజామున, నీడలో, అరకిలో మించకుండా కలుపుకుని, లోతైన మగ్గులో కాకుండా వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే వేడి తప్పించుకుపోతుంది. ఒకేసారి మూడు నాలుగు పొరలకు మించి వేయొద్దు. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర గట్టిపడితే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. కాబట్టి 5 మిల్లీమీటర్ల పొట్టకు రెండు విడతలు పడతాయి. బ్రష్షుతో పొడవాలి, రోలరుతో గాలి బుడగలు తోలాలి. మ్యాట్ బరువుకు రెండింతలు, రెండున్నర ఇంతల రెజిన్ చాలు. ఎక్కువ రెజిన్ ఎక్కువ బలం అనుకునేవాళ్లు చాలామంది. బలమంతా గాజుది. అదనపు రెజిన్ బరువూ పెళుసుదనమూ తప్ప ఇంకేమీ ఇవ్వదు.

డబ్బుంటే ఎపాక్సీ వాడండి. పాత ఫైబర్‌ను అది మామూలు పాలియెస్టర్ రెజిన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. కానీ రెండు జాగ్రత్తలున్నాయి. మామూలు మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో కరిగేలా చేస్తారు, ఎపాక్సీలో అది కరగదు. అందుకని ఎపాక్సీతో నేసిన గుడ్డనో, కుట్టిన గుడ్డనో వాడాలి. రెండోది, ఎపాక్సీ మీద మామూలు జెల్‌కోట్ సరిగా పట్టదు. పైన రంగు వేసుకోవాలి.

మన చెరువుల్లో చేపలు పట్టేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. థర్మాకోల్ దిమ్మల తెప్పకు ఫైబర్ పూత వేయాలని కొందరికి ఆశ పుడుతుంది. ఆలోచన మంచిదే. అయితే పాలియెస్టర్ రెజిన్ థర్మాకోల్ మీద పడిందంటే దాన్ని కరిగించి గుంట చేస్తుంది. ఎపాక్సీ అయితే కరిగించదు. అలాగే లోపల నురుగు నింపిన ఫైబర్ తెప్పకు పగులు పడి, మునుపటి కంటే ఎక్కువ మునిగి తేలుతోందంటే నురుగు నీళ్లు తాగిందని అర్థం. పైన పగులు మూస్తే ఆ నీళ్లను లోపలే బంధించినట్టవుతుంది. కింద కన్నం వేసి కార్చి, ఆరబెట్టాకే మూయాలి. కోస్తాలో 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత దుంగల తెప్పల చోట ఫైబర్ తెప్పలు జోరుగా వచ్చాయి. దుంగల తెప్ప వేట నుంచి రాగానే కట్లు విప్పి ఒడ్డున ఆరబెట్టే వీలుండేది. ఫైబర్‌కు ఆ వీలు లేదు, కనిపెట్టుకుని ఉండటమే దానికి మందు.

పొట్ట మీద అక్కడక్కడా బొబ్బలు లేచి, పొడిస్తే పుల్లటి వాసనతో జిగట నీరు కారితే అది ఇంకో జబ్బు. రెజిన్‌లోకి నీరు ఇంకి లోపలి రసాయనాలతో కలిసిందన్నమాట. ఒకటి రెండైతే తెరిచి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి నింపొచ్చు. పొట్టంతా ఉంటే మాత్రం జెల్‌కోట్ మొత్తం చెక్కేయాల్సిన పెద్ద పని.

ఇప్పుడు ప్రాణం సంగతి. రెజిన్‌లో కలిపే మందులు రెండు. ఊదారంగులో ఉండేది కోబాల్ట్, నీళ్లలా ఉండేది కెటలిస్ట్. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపాకే కెటలిస్ట్ వేయాలి. ఈ రెండూ నేరుగా కలిశాయంటే మంటో, పేలుడో. ఒకే అరలో పక్కపక్కన పెట్టొద్దు, ఒకే కొలత గ్లాసు రెండింటికీ వాడొద్దు. కెటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే పావుగంటకు తగ్గకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకండి. గ్రైండర్ దుమ్ములో గాజు ఉంటుంది. తలగుడ్డ మూతికి చుట్టుకుంటే ఆగేది కాదు, దుమ్ము ఆపే మాస్కు కావాలి. పలకల ఫ్యాక్టరీల దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో మనకు వేరే చెప్పాలా? బీడీ ముట్టించుకుని రెజిన్ డబ్బా దగ్గరికి వచ్చేవాళ్లను కూడా చూశాను. వాళ్లకు చెప్పే ఓపిక నాకు పోయింది.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువ మంది మన ఒంగోలు వాళ్లే. ఆ ప్రమాదం పగులు వల్ల జరిగింది కాదు. అనుమతి లేని పడవలో మోయలేనంత మందిని ఎక్కించారు. లైఫ్ జాకెట్లు లేవు. అయినా పడవ మాటొస్తే మన ప్రాంతానికి అది గుర్తు రాకుండా ఉండదు. మందం తెలియని పొట్ట, బరువు తెలియని ప్రయాణం రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అందుకే మత్స్యకారుల సొసైటీ తరఫునగాని, సొంతానికిగాని పాతదో కొత్తదో ఫైబర్ పడవ కొనబోయేవాళ్లు రంగు చూసి మోసపోవద్దు. ఇంజను బోల్టుకో, నీళ్లు కార్చే కన్నానికో పొట్టను గుండ్రంగా కోసినప్పుడు ఒక బిళ్ల బయటికొస్తుంది. ఆ బిళ్లను అడిగి తీసుకోండి. అంచు మీద స్కేలు పెడితే పొట్ట మందం తెలుస్తుంది. ఆరుబయట, గాలివాటుకు ఎడంగా నిలబడి, పట్టకారుతో పట్టుకుని మంటలో కాల్చండి. రెజిన్ కాలిపోయి గాజు పొరలు మిగులుతాయి. చల్లారాక ఒక్కొక్క పొరా విడదీసి లెక్కపెట్టండి. అమ్మేవాడు ఐదు పొరలని చెప్పి అక్కడ మూడే ఉంటే ఆ పడవ మీది కాదు. బిళ్ల ఇవ్వనన్న చోట బేరం కూడా ఆడకండి.